నాలుగు పుటల వ్యాసము, అరువది ఏండ్ల నియమము

ఉన్నత పాఠశాల విద్యార్థుల కొరకు వ్రాయబడిన ఒక అభ్యాస పుస్తకములో ఇటీవల ఈ ప్రశ్నను చూచితిని: ఓమ్ నియమమును, బాయిల్ నియమమును, మూర్ నియమమును నిర్వచింపుము. ఒక్కొక్కదానికి మూడేసి మార్కులు. మా తరగతిలో ఒక బాలుడు లేచి, "మాస్టారూ, ఒత్తిడి మిక్కిలి హెచ్చినప్పుడు వాయువు బాయిల్ నియమమును పాటింపదని మీరు చెప్పినారు. మరి మూర్ నియమము ఎప్పుడు చెల్లదండీ?" అని అడిగినాడు. నేను కొంత తడబడి, "ఇంతవరకు చెల్లుచునే యున్నది, కూర్చో" అంటిని. అది సమాధానము కాదని ఆ బాలునికిని తెలిసినది, నాకును తెలిసినది. ఆ రాత్రి మూర్ మహాశయుని అసలు వ్యాసమును సంపాదించి చదివితిని. ఈ నియమమును గురించి వ్రాయువారిలో ఆ వ్యాసమును చదివినవారు కొద్దిమందియే యని నాకు తోచినది. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణ మదియే.

వ్యాసము 1965 ఏప్రిల్ 19వ తేదీ గల 'ఎలక్ట్రానిక్స్' అను అమెరికా పత్రికలో వెలువడినది. అది ఆ పత్రిక 35వ వార్షికోత్సవ సంచిక. రాబోవు పదియేండ్లలో ఈ పరిశ్రమ గతి ఎట్లుండునో చెప్పుమని పత్రికవారు గోర్డన్ మూర్‌ను కోరిరి. మూర్ రసాయన శాస్త్రములో డాక్టరేటు పొందినవాడు. అప్పటికి ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ సంస్థలో పరిశోధన విభాగమునకు అధిపతి. రాబర్ట్ నోయిస్‌తో కలసి ఇంటెల్ సంస్థను స్థాపించినది ఆ పిదప మూడేండ్లకు, 1968లో. ఆయన 2023 మార్చి 24న మరణించెను. వ్యాసము నాలుగే పుటలు. మన విద్యార్థులు ఉపాధ్యాయుని సాయముతో ఒక్క గంటలో చదువదగినది.

ఆ కాలమునకు ట్రాన్సిస్టరు పుట్టి పదునెనిమిది ఏండ్లు కూడ నిండలేదు. ఒకే అర్ధవాహక పలకపై అనేక భాగములను ఏకముగా నిర్మించు విధానమును 1958లో జాక్ కిల్బీ, 1959లో నోయిస్ వేరువేరుగా కనుగొనిరి. దానికే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ అని పేరు. మన వాడుకలో చిప్పు. 1965లో ఒక చిప్పుపై అమర్చదగిన భాగములు సుమారు యాభై. ఇవి మిక్కిలి ఖరీదు గలవి గనుక సైన్యమునకును, రాకెట్లకును తప్ప ఇతరులకు పనికిరావని పలువురి అభిప్రాయము. ఆ అభిప్రాయమును ఖండించుటయే మూర్ ఉద్దేశము.

ఇక్కడనే మన పాఠ్యగ్రంథములు దారి తప్పినవి. "చిప్పుపై ట్రాన్సిస్టర్ల సంఖ్య రెండేండ్లకొకసారి రెట్టింపగును" అని మనము వల్లె వేయించుచున్నాము. మూర్ వ్రాసినది ట్రాన్సిస్టర్ల సంఖ్యను గురించి కాదు. ఒక్కొక్క భాగమునకు పడు ఖర్చును గురించి. ఆయన వాదమును మన ఊరి ఉపమానముతో చెప్పెదను. కుమ్మరి ఆవము పెట్టునప్పుడు కట్టెల ఖర్చు ఎట్లును తప్పదు. పది కుండలు కాల్చినను, నూరు కుండలు కాల్చినను మంట ఒక్కటే. కావున ఆవములో కుండలు పెరిగినకొలది ఒక్కొక్క కుండకు పడు ఖర్చు తగ్గును. అయితే మరీ ఇరికించినచో కొన్ని పగులును, కొన్ని పచ్చిగా మిగులును. నష్టము పెరిగి ఖర్చు మరల పైకి పోవును. ఈ రెండింటి నడుమ ఎక్కడనో ఒక మేలైన సంఖ్య కలదు; అనుభవము గల కుమ్మరికి అది తెలియును.

చిప్పు విషయమును ఇట్టిదే. పలకను కోసి, తీగలు కలిపి, డబ్బాలో బిగించుటకు అగు ఖర్చు భాగములు ఎన్ని ఉన్నను దాదాపు ఒక్కటే. కావున భాగములను పెంచినకొలది తలసరి ఖర్చు తగ్గును. కాని సిలికాను పలకపై అక్కడక్కడ లోపములుండును. మచ్చలున్న గుడ్డ నుండి చేతిరుమాళ్ళు కత్తిరించినచో చాలవరకు శుభ్రముగా వచ్చును; దుప్పట్లు కత్తిరించినచో ప్రతి దుప్పటిపైనను ఒక మచ్చ పడును. చిప్పు పెద్దదైనకొలది చెడిపోవునవి హెచ్చును. కావున ఖర్చు ఒక చోట కనిష్ఠమై మరల లేచును. ఆ కనిష్ఠ బిందువు వద్ద భాగములెన్ని? 1965లో యాభై. 1970 నాటికి అది వెయ్యి యగుననియు, అప్పుడు ఒక్కొక్క భాగమునకు పడు ఖర్చు పదవ వంతునకు దిగుననియు మూర్ అంచనా వేసెను. 1975 నాటికి 65,000. ఏటేట రెట్టింపగునని ఆయన చెప్పినది ఈ కనిష్ఠ బిందువునే గాని చిప్పుపై కూర్చదగిన గరిష్ఠ సంఖ్యను కాదు. ఈ తేడా చిన్నది కాదు. ఖర్చు అను మాటను తీసివేసినచో వ్యాసమునకు ప్రాణము పోవును. మిగులునది ఒక మంత్రము.

వ్యాసములోని ప్రసిద్ధమైన గ్రాఫును చూడుడు. నిలువు అక్షముపై భాగముల సంఖ్య కాక, 2 ఆధారముగా ఆ సంఖ్య యొక్క సంవర్గమానము గుర్తింపబడినది. అందువలన రెట్టింపులు సరళరేఖ యగును. దానిపై గల బిందువులు ఐదు. మొదటిది 1959 నాటిది. అది ఒక్క ట్రాన్సిస్టరు. దానిని చిప్పు అనవచ్చునా యని ఎవరైనను అడుగవచ్చును. మిగిలినవి 1962 నుండి 1965 వరకు గలవి. ఈ ఐదింటి గుండ గీచిన రేఖను మూర్ మరి పదియేండ్లు, 1975 వరకు, చుక్కల గీతగా పొడిగించెను. రెండు ఘాతము ఆరు (64) నుండి రెండు ఘాతము పదునారు (65,536) వరకు. మన విద్యార్థి ఎవడైనను ఆరేండ్ల లెక్కతో పదియేండ్ల జోస్యము చెప్పినచో మనము మార్కులు తగ్గింపమా? మూర్ ఇచ్చిన సమర్థన ఏమనగా, ఆ వేగము అంతకాలము నిలువదని అనుకొనుటకు కారణము కనబడుట లేదని. కారణము కనబడకపోవుట నిదర్శనము కాదు. ఒక శాస్త్రవేత్త వ్రాతలో ఇది బలహీనమైన చోటు.

మరియొక బలహీనత వేడిమిని గురించినది. వేల భాగములు ఒక చిన్న పలకపై పనిచేయుచుండ పుట్టు వేడిమిని బయటకు పంపుట సాధ్యమా యని ఆయనయే ప్రశ్నించుకొనెను. భాగములు చిన్నవైనకొలది తక్కువ శక్తితో పనిచేయునని కొద్ది పంక్తులలో సమాధానము చెప్పి ముందుకు సాగెను. సమాధానము తప్పు కాదు. కాని దాని కొక గడువు ఉన్నదని ఆయన చెప్పలేదు. దాని విషయము మరల చెప్పెదను.

ఇన్ని లోపములున్నను వ్యాసము గొప్పదే యని నా అభిప్రాయము. ఇంటింటి గణకయంత్రము, కార్లలో స్వయంచాలిత నియంత్రణము, చేతబట్టుకొని పోదగిన సంభాషణ సాధనము రాగలవని ఆయన మొదటనే వ్రాసెను. ఎలక్ట్రానిక్ చేతిగడియారమునకు అంకెలు చూపు పలక ఒక్కటియే కొరత యనెను. ఏడేండ్లకు, 1972లో, అట్టి గడియారము అంగడికి వచ్చినది. వ్యాసములో ఒక హాస్యచిత్రము కూడ కలదు: పెద్ద దుకాణములో సౌందర్య సాధనముల ప్రక్కన ఒకడు చిన్న గణకయంత్రములను బల్లపై పెట్టి అమ్ముచుండును. గణకయంత్రమునకు ఒక పెద్ద గది కావలసిన ఆ రోజులలో అది నవ్వుకొనుటకే. అన్నిటికంటె ముఖ్యమైన విషయము: వ్యాసము మొత్తము మీద 'నియమము' అను మాట ఎక్కడను లేదు. ఆ పేరు పెట్టినవాడు కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు కార్వర్ మీడ్ అని చెప్పుదురు. అది తరువాతి మాట.

పదియేండ్ల జోస్యము సుమారుగా ఫలించినది. 1975లో మూర్ తన లెక్కను తానే పరీక్షించుకొని సవరించెను. ఇంతవరకు జరిగిన వృద్ధికి కారణములు మూడని విడదీసెను: చిప్పుల వైశాల్యము పెరుగుట, గీతలు సన్నబడుట, ఉన్న స్థలమును పొదుపుగా వాడు నేర్పు. ఇందులో మూడవదానికి ఇక మీదట పెద్దగా అవకాశము లేదనియు, కావున రెట్టింపునకు ఏడాది కాక రెండేండ్లు పట్టుననియు తేల్చెను. (పదునెనిమిది నెలలు అని కొందరు వ్రాయుచున్నారు. అది ఇంటెల్ సంస్థకు చెందిన డేవిడ్ హౌస్ అను మరియొకరు యంత్రముల పనితనమును గురించి చెప్పిన మాట. మూర్ నోట పెట్టరాదు.) తన అంచనాను ఇట్లు విడదీసి, తప్పిన భాగమును పేరు పెట్టి చూపుట మూర్ చేసిన మేలైన శాస్త్రకార్యము. 1965 వ్యాసము కంటె ఈ సవరణయే తరగతిలో చెప్పదగినది. విచిత్ర మేమనగా, నియమము మారినదని ఎవరును అనలేదు. రేఖ వంపును మార్చి, పేరు మాత్రము అట్లే ఉంచిరి. ఓమ్ నియమము పదియేండ్లకొకసారి ఇట్లు మారినచో మన విద్యుద్దీపములు వెలుగునా?

సవరించిన లెక్క ఎంత చక్కగా కుదిరినదో చెప్పకపోవుట న్యాయము కాదు. 1971లో ఇంటెల్ చేసిన 4004 అను చిప్పులో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. రెండేండ్లకొకసారి చొప్పున 50 ఏండ్లలో 25 రెట్టింపులు. అనగా 3 కోట్ల 35 లక్షల రెట్లు. గుణించినచో 2021 నాటికి సుమారు 7,700 కోట్లు. 2022లో వచ్చిన ఎన్‌విడియా హెచ్100 చిప్పులో ఉన్నవి 8,000 కోట్లు. అర్ధ శతాబ్దమునకు పైబడిన కాలముపై ఒక అంచనా ఇట్లు నిలుచుట పరిశ్రమల చరిత్రలో అరుదు.

మరి 1965 నాటి మొదటి వేగమే నిలిచియున్నచో? ఈ లెక్కను ఆ బాలునిచేతనే నల్లబల్లపై చేయించితిని. 1965లో 2⁶. ఏటేట రెట్టింపైనచో 2025 నాటికి 2⁶⁶, అనగా సుమారు 7.4×10¹⁹. ఒక ఘన సెంటీమీటరు సిలికానులో పరమాణువులు సుమారు 5×10²². నేటి పెద్ద చిప్పు వైశాల్యము 8 చదరపు సెంటీమీటర్లు, మందము ఒక మిల్లీమీటరునకు కొంత తక్కువ; 0.08 సెంటీమీటర్లు అనుకొందము. అందు గల పరమాణువులు 3.2×10²². భాగించినచో ఒక్కొక్క ట్రాన్సిస్టరునకు దక్కునవి నాలుగువందల ముప్పది పరమాణువులు. మరి తొమ్మిదేండ్లు గడచి 2034 వచ్చునప్పటికి చిప్పులోని పరమాణువుల కంటె ట్రాన్సిస్టర్లే ఎక్కువ! తరగతి అంతయు నవ్వినది. పిదప రెండేండ్ల లెక్కతో చేసిరి. 8,000 కోట్ల నుండి ఆ పరమాణువుల సంఖ్యకు చేరుటకు సుమారు 39 రెట్టింపులు, అనగా 77 ఏండ్లు. ఈ శతాబ్దము చివరకు అదియును ముగియును. ఒక్క పరమాణువుతో ట్రాన్సిస్టరు కట్టలేము గనుక నిజమైన గడువు ఇంకను చాల ముందే. బాలుడడిగిన ప్రశ్నకు నేను ఇయ్యవలసిన సమాధానము ఇది, అతడే ఇచ్చుకొనెను.

ఇక వేడిమి సంగతి. 1974లో ఐబియం సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్, అతని సహచరులు ఒక సూత్రమును ప్రకటించిరి. ట్రాన్సిస్టరు పొడవు వెడల్పులతో పాటు దానికిచ్చు వోల్టేజీని కూడ అదే నిష్పత్తిలో తగ్గించినచో, ఎన్ని ట్రాన్సిస్టర్లు ఇరికించినను చదరపు సెంటీమీటరునకు పుట్టు వేడిమి పెరగదు. పైగా వేగము హెచ్చును. మూర్ కొద్ది పంక్తులలో చెప్పి విడిచినదానికి ఇది సరియైన గణితము. ముప్పది ఏండ్లు ఈ సూత్రము పరిశ్రమను మోసినది. 1978లో ఇంటెల్ 8086 చిప్పు గడియార వేగము 5 మెగాహెర్ట్‌జులు. 2004లో పెంటియం 4 వేగము 3,800. అనగా 760 రెట్లు. కాని వోల్టేజీని ఒక హద్దు దాటి తగ్గించినచో, ఆపివేసిన ట్రాన్సిస్టరు గుండ కూడ విద్యుత్తు కారుట మొదలిడును. కట్టివేసిన కుళాయి చుక్కలు కార్చినట్లు. కోట్ల కుళాయిలు కారినచో ఏమగునో ఊహింపవచ్చును. 2005 ప్రాంతమున ఆ దారి మూసుకొనిపోయెను. తరువాతి ఇరువది ఏండ్లలో గడియార వేగము రెట్టింపు కూడ కాలేదు. ట్రాన్సిస్టర్ల సంఖ్య పెరుగుచునే యున్నది, వేగము నిలిచిపోయినది. సంఖ్య ఒకటి, ప్రయోజనము మరియొకటి యనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

రేఖను ఇంతకాలము నిలబెట్టినది ప్రకృతి కాదు. పరిశ్రమవారు కూర్చుండి, ఫలానా సంవత్సరమునకు ఫలానా కొలత సాధింపవలెనని ముందుగా ప్రణాళికలు వ్రాసికొనిరి. యంత్రములు చేయువారు, రసాయనములు చేయువారు, పలకలు చేయువారు అందరును ఆ తేదీలకు తమ పనిని కుదుర్చుకొనిరి. వెనుకబడిన సంస్థ నశించును గనుక అందరును పరుగెత్తిరి. నేడు మిక్కిలి సన్నని గీతలు గీయుటకు 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల అతినీలలోహిత కాంతిని వాడుచున్నారు. కరిగిన తగరపు బిందువులను సెకనునకు 50,000 చొప్పున వదలి, ఒక్కొక్క బిందువును లేజరుతో కొట్టి ఆ కాంతిని పుట్టింతురు. అట్టి యంత్రములను చేయునది నెదర్లాండ్సులోని ఏయస్‌యమ్‌ఎల్ సంస్థ ఒక్కటియే. ఇట్టి కర్మాగారమునకగు వ్యయము వేయి కోట్ల డాలర్లను మించుచున్నది. అత్యంత సూక్ష్మమైన పని చేయగల సంస్థలు ప్రపంచములో మూడింటికి దిగినవి. (ప్రకటనలలో కనబడు '3 నానోమీటర్లు' అను మాట చిప్పులోని ఏ భాగము కొలతయును కాదు, అది వస్తువు పేరు మాత్రమే. విద్యార్థులు దానిని లెక్కలలో వాడరాదు.) బాయిల్ నియమము నిలుచుటకు ఎవరును కర్మాగారము కట్టనక్కరలేదు. మూర్ చెప్పినది నిలుచుటకు కట్టవలసి వచ్చినది.

ఇంత జాగ్రత్త గల వ్యాసముపై ఎంత పెద్ద మేడ కట్టిరో చూడవలెనన్న, అమెరికా రచయిత రే కర్జ్‌వైల్ 2001లో వ్రాసిన వ్యాసమును, 2005లో ప్రకటించిన గ్రంథమును చదువవలెను. మూర్ రేఖను ఆయన వెనుకకు 1890 నాటి జనాభా లెక్కల యంత్రముల వరకు పొడిగించి, రిలేలు, శూన్యనాళికలు, ట్రాన్సిస్టర్లు, చిప్పులు ఒకదాని వెంట నొకటి వచ్చి అదే వక్రమును నడిపించినవని చూపెను. అంతవరకు ఆసక్తికరమే, అందలి శ్రమను మెచ్చుకొనవలెను. కాని అంతటితో ఆగక, మానవుని సాంకేతిక ప్రగతి యావత్తు ఘాత వేగముతో పెరుగుననియు, ఈ శతాబ్దములో నేటి లెక్కన ఇరువదివేల ఏండ్ల ప్రగతి జరుగుననియు, 2045 నాటికి యంత్ర మేధ మానవ మేధను ఊహకందనంతగా మించుననియు చెప్పెను.

నా ఆక్షేపణ జోస్యముపై కాదు, నిలువు అక్షముపై. ఒక డాలరునకు ఎన్ని గణనలు అనునది కొలువదగిన రాశి. 'ప్రగతి' ఏ మానములో కొలువబడినది? చరిత్రలోని ముఖ్య సంఘటనలను ఏరి గ్రాఫుపై పెట్టినచో దగ్గరి కాలపు సంఘటనలు దట్టముగా కనబడుట సహజము. నిన్నటివి మనకు ఎక్కువ గుర్తుండును. వేరొక రంగమును చూడుడు. 1958లో ప్రయాణికుల సేవకు దిగిన బోయింగ్ 707 విమానము కంటె నేటి ప్రయాణికుల విమానము వేగముగా పోవుట లేదు. ధ్వనిని మించిన కాంకార్డు 1976లో సేవ మొదలిడి 2003లో మూలబడినది. 1903 నుండి 1958 వరకు గల బిందువులతో రేఖ గీచి పొడిగించినవాడు నేటికి చంద్రునికి టిక్కెట్లు అమ్మవలసియుండెను. ఆయన అభిమానులు కృత్రిమ మేధను చూపి, ఇదిగో ఋజువు అందురు. ఆ యంత్రముల శిక్షణకు వాడు గణనము 2012 తరువాత మూర్ లెక్కను మించి పెరిగినమాట నిజము. కాని అందు చాల భాగము చిప్పులను వేల సంఖ్యలో కొని, విద్యుత్తును ధారపోసి సాధించినది. అది ఖర్చు తగ్గుట కాదు, ఖర్చు పెట్టుట. మూర్ 1965లో వాదించినదానికి ఇది సరిగా ఎదురు దిక్కు.

'త్వరణము' అను మాట మన పిల్లల చెవిలో వేరుగా వినబడుచున్నది. అన్నియు వాటంతట అవియే రెట్టింపగుచున్నచో ఇప్పుడు నేర్చినది రేపటికి పనికిరాదు, నేర్చుట ఎందులకని అడుగువారిని నేను ఎరుగుదును. కారిన విద్యుత్తును ఆపువారు, తగరపు బిందువుపై గురి చూచువారు లేనిచో ఏ రేఖయు పైకి పోదని వారికి ఎవరును చెప్పలేదు.

మూర్ వ్యాసములో మరియొక భాగము కలదు. పెద్ద వ్యవస్థలను ఒకే చిప్పుగా కాక, చిన్న చిన్న భాగములుగా వేరువేరుగా చేసి కలుపుట చౌక కావచ్చునని చివరి పుటలలో ఆయన సూచించెను. 2024లో ఎన్‌విడియా ప్రకటించిన బ్లాక్‌వెల్ చిప్పులో 20,800 కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. అవి ఒక పలకపై కాదు, ప్రక్కప్రక్కన జోడించిన రెండు పలకలపై. దీనిని మూర్ నియమము ఇంకను చెల్లుచున్నదనుటకు కొందరు సాక్ష్యముగా చూపుచున్నారు. రెండు ఆవములలోని కుండలను కలిపి లెక్కించి, నా ఆవము పెద్దదైనదని చెప్పినట్లున్నది. అయితే మూర్ చేసిన ఆ సూచనకు మాత్రము ఇది చక్కని సాక్ష్యము.

2025లో అమరావతిలో 156 క్యూబిట్ల క్వాంటం గణకయంత్రమును స్థాపింపనున్నట్లు ప్రకటన వెలువడినది. క్యూబిట్లు ఎన్ని ఏండ్లకొకసారి రెట్టింపగునని తరగతిలో అప్పుడే అడుగుచున్నారు. నేను వారికి గ్రాఫు కాగితమిచ్చి, బిందువులెన్నో, నిలువు అక్షముపై ఏమి వ్రాయవలెనో, తప్పు చేయు క్యూబిట్టును, చేయని క్యూబిట్టును ఒకటిగా లెక్కింపవచ్చునో లేదో మొదట తేల్చుకొమ్మంటిని. ఇంకను తేలలేదు. మా పాఠశాల పరీక్షాపత్రములో మాత్రము మూర్ లెక్కను ఓమ్ నియమము ప్రక్క నుండి తీసి, గణితములో గుణశ్రేఢి క్రింద చేర్చితిని; మార్కులు మూడే యుంచితిని.